నడుమున ఏడు వందల గ్రాములు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఇనుముతో పరిచయం లేని ఇల్లు తక్కువ. రామచంద్రపురం బీహెచ్‌ఈఎల్ దగ్గర మొదలుపెడితే ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం దాకా షెడ్లు బారులు తీరి ఉంటాయి. లేత్ మీద నిలబడ్డవాళ్లు, మిల్లింగ్ చేసినవాళ్లు, డైలు కోసినవాళ్లు ప్రతి వాడలో దొరుకుతారు. ఇక్కడి టూల్‌రూమ్ మనిషి చేతికి ఏ వస్తువిచ్చినా, అది దేనికి పనికొస్తుందని అడిగే ముందే దాన్ని ఎలా చేశారో చూస్తాడు. అంచు మీద బొటనవేలు నడిపిస్తాడు. కీలు ఆడిస్తాడు. రెండు ముక్కలు కలిసే చోట సందు ఉందేమోనని కిటికీ వైపు పట్టుకుని వెలుతురు చూస్తాడు.

ఆయుధం తయారీ కూడా ఈ నేలకు పరాయి విద్య కాదు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీకి 1984 జులై 19న అప్పటి ప్రధాని, మెదక్ ఎంపీ ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. పదాతి దళం ఎక్కి వెళ్లే సారథ్ యుద్ధ వాహనాలు అక్కడే తయారవుతాయి. టన్నుల బరువున్న ఆ ఉక్కు బండ్ల గురించి మనకు కొంత తెలుసు. ఆత్మరక్షణ కోసం లైసెన్సు తీసుకున్నవాళ్లు చొక్కా కింద కట్టుకునే చిన్న రివాల్వర్ గురించి మాత్రం సినిమా చూపించినంతే తెలుసు. సినిమా చూపించేది దాని చప్పుడు. చూడాల్సింది దాని పనితనం. ఆ పనితనంలో సింహభాగం పేలడం కోసం కాక పేలకుండా ఉండడం కోసం పెట్టిందని దగ్గరగా చూసినకొద్దీ తెలుస్తుంది. దాన్ని కట్టుకుని కుదురుగా తిరగడం నేర్చుకున్న మనిషిలో కూడా అదే పనితనం కనిపించాలి.

మన దేశంలో మామూలు పౌరుడికి దొరికే చేతి తుపాకుల్లో బాగా తెలిసినది .32 రివాల్వర్. కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ తయారీ. 2021 అక్టోబర్ 1 దాకా ఆ ఫ్యాక్టరీ, మన ఎద్దుమైలారం ఫ్యాక్టరీ ఒకే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు కింద ఉండేవి. ఆ రోజు బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశారు. చిన్న ఆయుధాలు అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి, యుద్ధ వాహనాలు ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వెళ్లాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎం.ఎం. లాంటివి ప్రొహిబిటెడ్ బోర్ కాబట్టి పౌరుడికి మామూలుగా దొరకవు. అతనికి మిగిలిన దారుల్లో ముఖ్యమైనది .32. ఈ తూటా స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1896లో తెచ్చిన నమూనా. దెబ్బలో మధ్యస్థం. చేతిని వెనక్కి తన్నే గుణం తక్కువ.

రివాల్వర్ బరువు ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 700 గ్రాములు. బ్యారెల్ 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. మొత్తం పొడవు 178 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, జానెడు లోపే. ఆరు తూటాలు పడతాయి. దీని పూర్వరూపం ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ రివాల్వర్. బ్రిటిష్ ఇండియా పోలీసుల నడుముకు వేలాడినది ఆ కుటుంబమే. తర్వాత వచ్చిన తుపాకులు చాలావాటిలో లేని ఒక పద్ధతిని ఈ రివాల్వర్ అక్కడి నుంచే తెచ్చుకుంది. ఇది నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది.

అది తెరుచుకునే తీరు ఒక్కసారి నిదానంగా చూడాలి. బ్యారెల్ వెనక చివర, హ్యామర్‌కు కాస్త ముందు, పైన ఒక గొళ్లెం ఉంటుంది. బొటనవేలితో దాన్ని నొక్కి బ్యారెల్‌ను కిందికి వంచితే, ముందు భాగమంతా అడుగున ఉన్న ఒకే ఒక్క కీలు మీద వంగుతుంది. వంగుతున్నప్పుడే సిలిండర్ మధ్యలోంచి నక్షత్రం ఆకారంలో ఒక బిళ్ల పైకి లేస్తుంది. దాని కొనలు ఆరు తూటాల అంచుల కింద పట్టి, ఆరింటినీ ఒకేసారి ఎత్తి బయట పడేస్తాయి. బ్యారెల్ ఇంకాస్త వంగాక నక్షత్రం టక్కున తన గూట్లోకి తానే దిగిపోతుంది. ఇంత పనికీ మనిషి చేసింది ఒక నొక్కు, ఒక వంపు మాత్రమే.

పనిమంతుడి కన్ను ఇక్కడ రెండు విషయాలు పట్టుకుంటుంది. మొదటిది ఆ గొళ్లెం. పేలినప్పుడు పుట్టే ఒత్తిడంతా రివాల్వర్‌ను తెరవాలని చూస్తుంది. మూసి పట్టుకోవడానికి ఆ గొళ్లెం, ఈ కీలు తప్ప ఇంకేమీ లేవు. అవి కూర్చునే ముఖాలు సమంగా ఒరుసుకోకపోతే కొన్నాళ్లకు పిడికీ బ్యారెల్‌కీ మధ్య ఆట వస్తుంది. అందుకే పాత రివాల్వర్ కొనబోయేవాళ్లు ముందు బ్యారెల్ పట్టుకుని కదిపి చూస్తారు. రెండోది, తెరిచినప్పుడు దాపరికం ఉండదు. ఆరు గదులూ ఒకేసారి కళ్లెదుట ఉంటాయి. కిటికీ వైపు పట్టుకుంటే ఆరు గుండ్రని వెలుతురు చుక్కలు కనిపించాలి. ఒక్క చుక్క తగ్గినా లోపల తూటా ఉన్నట్టే. మ్యాగజీన్ ఉన్న పిస్టల్‌లో మ్యాగజీన్ తీసేశాక కూడా బ్యారెల్ గదిలో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. ఖాళీ అనుకున్న పిస్టల్ పేలి మనుషులు పోయిన ఘటనలు ప్రపంచమంతా ఉన్నాయి. ఈ రివాల్వర్ తన కడుపులో ఏముందో తెరిచి చూపిస్తుంది. కొత్తగా ఆయుధం పట్టేవాడికి ఇంతకంటే నమ్మకమైన గురువు దొరకదు.

మూసేశాక లోపల జరిగే పని ఇంకా సున్నితం. ట్రిగ్గర్ లాగుతుంటే ఒక చిన్న కొక్కెం సిలిండర్ వెనకనున్న పళ్లలో ఒకదాన్ని పట్టి పైకి తోస్తుంది. సిలిండర్ ఆరో వంతు తిరుగుతుంది. కొత్త గది బ్యారెల్‌కు ఎదురుగా రాగానే కింద నుంచి ఒక బొడిపె లేచి సిలిండర్ గాడిలో పడి దాన్ని కదలకుండా బిగిస్తుంది. ఆ తర్వాతే హ్యామర్ పడాలి. ఈ వరస తప్పకూడదు. గది, బ్యారెల్ ఒకే గీతలో లేకుండా పేలితే తూటా అంచు బ్యారెల్ నోటికి గీసుకుని సీసం రవ్వలు పక్కలకు చిమ్ముతాయి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు కాగితం మందమంత. ఆ సందు మరీ తక్కువైతే మసి పట్టి సిలిండర్ బిగుసుకుంటుంది, ఎక్కువైతే మంట పక్కకు కొడుతుంది. ఆరు గదులకీ ఒకే వరస, ఒకే సందు కుదరాలి. జిగ్ బోరింగ్ చేసినవాడికి ఆ మాట బరువు చెప్పనక్కర్లేదు. ఒక రంధ్రం సరిగ్గా వేయడం చేతనైన పని. ఒకే వృత్తం మీద ఆరు రంధ్రాలు ఒకదానికొకటి తప్పకుండా వేయడం విద్య.

ఇక ట్రిగ్గర్. హ్యామర్‌ను ముందుగా వెనక్కి లాగకుండా నేరుగా పేల్చాలంటే, రివాల్వర్లలో మామూలుగా నాలుగైదు కిలోల బలం పెట్టి పొడుగ్గా లాగాలి. కొత్తవాళ్లు ఇది చూసి ఇంత గట్టిగా ఉందేమిటని సణుగుతారు. ఆ గట్టితనం పనితనంలో లోపం కాదు. పటాన్‌చెరు షెడ్లలో పవర్ ప్రెస్‌కు రెండు బటన్లు దూరదూరంగా ఎందుకు పెడతారో ప్రెస్ ఆపరేటర్లందరికీ తెలుసు. రెండు చేతులూ బటన్ల మీదుంటేనే ర్యామ్ దిగాలి, పరధ్యానంలో ఉన్న చేయి డై మీద ఉండకూడదు. పొడుగాటి, బరువైన ట్రిగ్గర్ చేసే పని అదే. ఉలికిపాటుకు లొంగదు, బట్ట మడత తగిలితే కదలదు. కావాలని, నిశ్చయించుకుని, చివరిదాకా లాగితేనే హ్యామర్ వదులుతుంది. అయితే ఆ లాగుడు అంత దూరమూ ఒకే తీరుగా, మధ్యలో గరుకు తగలకుండా సాగాలి. లోపలి ముఖాల నునుపు అక్కడే బయటపడుతుంది.

కింద పడితే పేలకుండా ఉండడం మరో విద్య. పాతకాలపు రివాల్వర్లలో హ్యామర్ మొన తూటా మీదే ఆనుకుని ఉండేది. అందుకే ఆరు గదులున్నా అయిదే నింపుకుని, హ్యామర్ కింద గదిని ఖాళీగా ఉంచుకునేవాళ్లు. 1944లో ఒక అమెరికన్ యుద్ధనౌక డెక్ మీద స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ జారిపడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. ఆ తర్వాత ఆ కంపెనీ హ్యామర్‌కూ ఫ్రేముకూ మధ్య అడ్డుపట్టీని కొత్తగా రూపొందించింది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితేనే ఆ పట్టీ పక్కకు తప్పుకుంటుంది, లేకపోతే హ్యామర్ మీద సుత్తితో కొట్టినా దెబ్బ తూటా దాకా చేరదు. ఒక ప్రాణం పోయాక వచ్చిన చిన్న ఇనుప ముక్క అది. బయటికి కనిపించదు, తుపాకీ గురి పెంచదు. అయినా ఆ రివాల్వర్‌లో మనం దండం పెట్టాల్సిన ముక్క అదే.

బరువు తగ్గించాలన్న తపన కూడా మన ఫ్యాక్టరీల్లో కనిపిస్తుంది. 2012 డిసెంబర్ నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరం తర్వాత, 2014 జనవరిలో కాన్పూర్‌లోని ఒక ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ నుంచి నిర్భీక్ అనే రివాల్వర్ వచ్చింది. మహిళల ఆత్మరక్షణకని ప్రకటించారు. టైటానియం మిశ్రలోహం, బరువు దాదాపు అర కిలో, ధర అప్పట్లో లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. టైటానియం కోసినవాళ్లకు ఆ అర కిలో వెనక కష్టం అర్థమవుతుంది. కోత వేడిని ఆ లోహం తనలోకి లాక్కోదు, టూల్ అంచు మీదే వదిలేస్తుంది. ఆదరాబాదరాగా కోస్తే టూల్ మాడిపోతుంది. అయితే బరువు తగ్గితే తన్ను పెరుగుతుంది, ఆ లెక్క నుంచి ఎవరూ తప్పించుకోలేరు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్‌లో దారి మార్చారు. అది విరిగినట్టు తెరుచుకోదు, సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఫ్రేము పైనా కిందా ఒకే ముక్క కావడంతో గట్టిదనం ఎక్కువ. మన హైదరాబాద్ కూడా ఈ విద్యలో వెనకబడి లేదు. సైన్యం కోసం రూపొందిన అస్మి మెషిన్ పిస్టల్‌ను మహూ ఇన్‌ఫాంట్రీ స్కూల్, డీఆర్‌డీవో కలిసి 2021లో బయటపెడితే, దాన్ని తయారుచేస్తున్నది మెషిన్ టూల్స్‌తో ఎదిగిన హైదరాబాద్ కంపెనీ లోకేశ్ మెషిన్స్.

రివాల్వర్ సగమే. మిగతా సగం దాని ఒర. చాలామంది లక్ష పెట్టి తుపాకీ కొని, ఒర దగ్గర వందలు లెక్కపెడతారు. రోజంతా ఒంటికి తగిలేది, ఆయుధాన్ని నిజంగా అదుపులో ఉంచేది ఒర. మంచి ఒరకు మందపాటి తోలు కావాలి, అదీ చెట్టు చెక్కతో ఊనినది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క నానబెట్టిన నీళ్లలో తోలు ఊనడం మన పల్లెల పాత విద్య. బతుకమ్మలో పేర్చే తంగేడు చెట్టే అది. అలా ఊనిన తోలును తడిపి, తుపాకీ ఆకారం మీద అదిమి ఆరబెడితే ఆ ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది. సిలిండర్ ఉబ్బు, ట్రిగ్గర్ గార్డు వంపు తోలు మీద అచ్చుపడతాయి. తర్వాత ఆ పట్టు తోలుదే, బొత్తాం సాయానికి మాత్రమే.

దగ్గరగా చూస్తే కుట్టు చెబుతుంది, చేసినవాడు ఎలాంటివాడో. చేతికుట్టులో ఒకే రంధ్రంలో రెండు సూదులు ఎదురెదురుగా దూరుతాయి. మైనం పట్టించిన దారం రెండు వైపులా నడుస్తుంది. ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంటుంది. మిషన్ కుట్టులో ఒకటి తెగితే వరస విడిపోవచ్చు. ఒర నోరు చుట్టూ అదనంగా ఒక తోలు పట్టీ వేసి ఉందా అని చూడాలి. అది ఉంటే తుపాకీ బయటికి తీసినా నోరు మూసుకుపోదు, తిరిగి పెట్టేటప్పుడు రెండో చేయి అక్కర్లేదు. నోరు ముడుచుకుపోయే ఒరలో తుపాకీ పెట్టబోతే తోలు మడత ట్రిగ్గర్ మీద పడే ప్రమాదం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ట్రిగ్గర్ గార్డు మొత్తం తోలు కింద ఉండాలి. ఒరలో ఉన్నంతసేపు వేలుకి గానీ, తాళం చెవికి గానీ, చొక్కా కొసకు గానీ ట్రిగ్గర్ అందకూడదు. ఒంటి వైపున్న తోలు రెక్క కాస్త ఎత్తుగా ఉంటే చెమట ఇనుముకు తగలదు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు ఆ రెక్క విలువ తెలుస్తుంది. ఇంటికి వచ్చాక తుపాకీని ఒరలోనే వదిలేయకూడదు. తోలు తేమ పీలుస్తుంది, ఆ తేమ ఇనుము మీది నీలిపూత కింద తుప్పుగా మొలుస్తుంది.

ఇంత పనితనాన్ని చట్టం కూడా గౌరవించిందని 2016 ఆయుధాల నియమావళి చదివితే అనిపిస్తుంది. 32వ నియమం ప్రకారం, బహిరంగ స్థలంలో చేతి తుపాకీ తీసుకెళ్లేవారు దానికోసం తయారైన, ఒంటికి కట్టుకునే హోల్‌స్టర్‌లోనో అలాంటి సంచిలోనో పెట్టుకోవాలి. అది పూర్తిగా కప్పి ఉండాలి. తీసుకెళ్లేవాడి అదుపులో ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు తుపాకీ కనబడేలా తిరగడాన్ని, దాచుకుని తిరగడాన్ని వేర్వేరుగా చూస్తాయి. మన దగ్గర ఆ రెండు దారుల్లేవు, లైసెన్సు ఉన్న ప్రతి చేతి తుపాకీ కప్పి ఉండాల్సిందే. నలుగురికీ చూపించడం, ఝళిపించడం, గాల్లోకి పేల్చడం తప్పు. 2019 సవరణ తర్వాత పెళ్లి ఊరేగింపులో సంబరంగా పేల్చినా రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఈ నియమం వెనకున్న ఆలోచన నాకు నచ్చుతుంది. ఆత్మరక్షణ కోసం ఇచ్చిన వస్తువు ఎవరినీ భయపెట్టే వస్తువుగా మారకూడదు. పక్కనున్న మనిషికి అది ఉందన్న సంగతే తెలియకూడదు.

అలా తెలియకుండా తిరగడం చెప్పినంత సులభం కాదు. మన పారిశ్రామికవాడలో లైసెన్సుకు వెళ్లేది నగదుతో పనుండే వ్యాపారులు, కాంట్రాక్టర్లు, యూనిట్ల యజమానులు, సెక్యూరిటీలో చేరిన మాజీ సైనికులు. వృత్తి వల్లగానీ వ్యాపారం వల్లగానీ ప్రాణానికో ఆస్తికో నిజంగా రక్షణ కావాలని చూపించాలి. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, మిగతాచోట్ల జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ విచారించి ఇస్తారు. ఇంత నడిచి తెచ్చుకున్న తుపాకీని మొదటిసారి నడుముకు కట్టుకుని బయటికి వచ్చినవాడు మామూలు మనిషిలా ఉండలేడు. చేయి ఊరికే అటు పోతుంది. చొక్కా కిందికి లాక్కుంటాడు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే అందరూ తన నడుము వైపే చూస్తున్నారనిపిస్తుంది. నిజానికి ఎవరూ చూడరు. తుపాకీని బయటపెట్టేది దాని ఆకారం కాదు, మాటిమాటికీ దాన్ని తడుముకునే చేయి.

శరీరం కొత్త బరువును నేర్చుకోవాలి. బెల్టు మెత్తనిదైతే తుపాకీ ఒక పక్కకు వాలి, సాయంత్రానికి నడుం నొప్పి తెస్తుంది. రెండు పొరల గట్టి బెల్టు వేస్తే ఆ ఏడు వందల గ్రాములు నడుము చుట్టూ పంచుకుంటాయి. చొక్కా ఒక సైజు వదులు కావాలి, కింద పడ్డది తీసుకోవాలంటే నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. బైకు మీద గాలికి చొక్కా లేస్తుంది, దానికో ఉపాయం కావాలి. కారులో సీటు బెల్టు పిడి మీద పడకుండా చూసుకోవాలి. కింద కూర్చుని భోజనం చేసే ఇంట్లో, చెప్పులు విప్పి లోపలికి వెళ్లే గుడిలో, పిల్లలు ఒళ్లోకి ఎగబడే చుట్టాలింట్లో ఏం చేయాలో ముందే అనుకోవాలి. చాలాసార్లు సరైన జవాబు ఒక్కటే, ఆ రోజు కట్టుకోకపోవడం. ఆయుధాన్ని ఇంట్లో తాళం పెట్టి, తూటాలు వేరే తాళంలో పెట్టి వెళ్లడం కూడా ఈ విద్యలో భాగమే. ఎప్పుడు కట్టుకోకూడదో తెలిసినవాడే కట్టుకోవడానికి తగినవాడు.

ఈ అలవాటు ఎలా అబ్బుతుందో పాశమైలారంలో ఒక చిన్న యూనిట్ ఆఫీసులో చూశాను. యజమానికి కొత్తగా లైసెన్సు వచ్చింది. ఆ కంపెనీలోనే సెక్యూరిటీ చూసే మాజీ హవల్దార్ ఆయనకు పద్ధతి నేర్పుతున్నారు. గదిలో ఎక్కడా తూటా లేదు, అవి వేరే గదిలో బీరువాలో ఉన్నాయి. యజమాని రివాల్వర్ తెరిచి, ఆరు గదులూ చూసి, మూయబోయారు.

"ఆగుండ్రి సార్. మళ్లొకసారి చూడుండ్రి."

"ఇప్పుడే చూసిన గద హవల్దార్ సాబ్."

"చూసింది కన్ను. ఇగ ఏలు పెట్టి చూడుండ్రి."

యజమాని చిటికెన వేలితో ఆరు గదులనూ ఒకదాని తర్వాత ఒకటి తడిమారు. గోడ వైపు పట్టి మూశారు. అప్పుడు ఆయన చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు లోపలికి జారింది. హవల్దార్ గొంతు పెంచలేదు. ఆ వేలును తన వేలితో మెల్లగా తీసి ఫ్రేము మీద, సిలిండర్ కింద చదునుగా ఆనించారు. "ఏలు ఇల్లు ఇది సార్. గురి కుదిరి, పేల్చాలె అని మనసుల గట్టిగ అనుకున్నంకనే ఇండ్లకెళ్లి బయటికొస్తది." ఆ తర్వాత ఒరలోంచి తీయడం, ఒరలో పెట్టడం. తీయడం కంటే పెట్టడమే మరింత నిదానంగా చేయించారు. తీసేటప్పుడు మనిషి జాగ్రత్తగానే ఉంటాడట. ప్రమాదం పెట్టేటప్పుడే, పని అయిపోయిందని మనసు సడలినప్పుడు. ఒకే కదలికను విసుగు లేకుండా చేయిస్తూ ఉంటే, యజమాని భుజాలు కిందికి దిగడం నేను గమనించాను. మొదట బిగుసుకుని ఉన్న మనిషి, పిడి మీద పట్టు తెలిశాక ఊపిరి మామూలుగా తీసుకోసాగారు. పనిముట్టు ఎక్కడ ప్రమాదమో, ఎక్కడ ప్రమాదం కాదో చేతికి తెలిసినప్పుడు వచ్చే నిబ్బరం అది. లేత్ మీద కొత్త కుర్రాడికి కొన్నాళ్లకు వచ్చే నిబ్బరం కూడా అలాంటిదే.

చేతికి ఇంత తెలిశాక బుద్ధికి తెలియాల్సింది చట్టం గీసిన గీత. ప్రైవేటు రక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఈ సంహితకు ముందు అదే హక్కు ఐపీసీ 96 నుంచి 106 దాకా ఉండేది. ప్రాణం పోతుందని, తీవ్రంగా గాయపడతామని, అత్యాచారమో అపహరణో జరుగుతుందని సహేతుకమైన భయం కలిగిన సందర్భాల్లో దాడి చేసినవాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుంది. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు మాత్రం ఆ హక్కు లేదు. రక్షణకు అవసరమైనదాని కంటే ఎక్కువ హాని చేయడానికీ లేదు. పారిపోతున్న దొంగ వెన్ను మీద, పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగిన మనిషి మీద, అప్పు ఎగ్గొట్టినవాడి మీద తుపాకీ ఎత్తడానికి ఈ సెక్షన్లలో చోటు లేదు. అందుకే తుపాకీ కట్టుకున్న మనిషి మామూలు మనిషి కంటే ఎక్కువ తగ్గి ఉండాలి. కారు గీసుకుంటే క్షమించాలి, తిట్టు వినపడితే దాటిపోవాలి, గొడవ కనిపిస్తే వేరే దారి పట్టాలి. నడుమున బరువున్నప్పుడు కోపానికి సెలవు.

ఈ నిబ్బరం నిజమైనదో కాదో తేల్చే పరీక్ష మన జిల్లాలో ఎన్నికలప్పుడల్లా వస్తుంది. ఎన్నికల నియమావళి అమల్లోకి రాగానే లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు. 2023 నవంబర్ 30 అసెంబ్లీ పోలింగ్ ముందు, 2024 మే 13 లోక్‌సభ పోలింగ్ ముందు రసీదు తీసుకుని తుపాకీ అప్పగించి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ వారాల్లో నడుము ఖాళీగా ఉందని గుండె జారిపోతే, మనిషి ధైర్యమంతా ఇనుములో పెట్టుకున్నట్టు లెక్క. పొద్దుపోయాక ఒంటరి దారి మానుకోవడం, నగదు తీసుకెళ్లే వేళలు మార్చడం, గేటు దగ్గర దీపం వెలుగుతోందా లేదా చూసుకోవడం లాంటి జాగ్రత్తలతో ఆ వారాలు కూడా మామూలుగా గడపగలిగితే, అతను సరిగ్గా నేర్చుకున్నట్టు. ఆయుధం ఆ జాగ్రత్తలన్నిటి తర్వాత వచ్చే చివరిది.

గొళ్లెం నుంచి కుట్టు దాకా ఈ చిన్న వస్తువులో మనుషులు పెట్టిన శ్రద్ధ చూస్తే, దాన్ని కట్టుకునేవాడి నుంచి అంతే శ్రద్ధ అడగడం న్యాయం అనిపిస్తుంది. లైసెన్సుకు దరఖాస్తు చేసేటప్పుడు ఆయుధాన్ని సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్టు చూపించాలని 2016 నియమాలే చెబుతున్నాయి. ఆ శిక్షణ కాగితం మీద కాక పాశమైలారం హవల్దార్ నేర్పినట్టు వేలి కొసల దాకా జరగాలి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. అయిదేళ్లలో ఇనుముకు తుప్పు పట్టినట్టే చేతికీ పడుతుంది. కాబట్టి రెన్యువల్ రోజున తుపాకీతో పాటు చేతిని కూడా పరీక్షించాలి. తెరిచి ఖాళీ చేయడం, వేలు ఎక్కడ పెట్టాలో మరిచిపోకపోవడం, ఒరలో నిదానంగా పెట్టడం అధికారి ముందు చేసి చూపించమనాలి. చేయలేనివాడికి లైసెన్సు ఆపి, మళ్లీ నేర్చుకుని రమ్మనాలి. గేజ్ పెట్టి చూడకుండా ఒక్క ముక్కను కూడా గేటు దాటనివ్వని ఈ పారిశ్రామికవాడకు ఈ మాట వింతగా అనిపించదు. ఆ పద్ధతిని మొదట అడగాల్సింది కూడా ఇక్కడివాళ్లే.